ఫలశ్రుతి లేని యాత్రలు: 'వైల్డ్', 'ద రింగ్స్ ఆఫ్ శాటర్న్' రచనల్లో సుదూర నడక, కుంగుబాటు, ఒంటరితనం

వ్యాససంగ్రహం:

దుఃఖంతో, కుంగుబాటుతో, ఒంటరితనంతో సతమతమైనవారు రోజుల తరబడి నడిచి, ఆ నడకను గ్రంథస్థం చేసిన రచనలు ఆధునిక యాత్రాసాహిత్యంలో ప్రత్యేకమైన పాయగా కనిపిస్తాయి. వీటిని 'నడిచారు, కోలుకున్నారు' అనే సూత్రంతో చదవడం పరిపాటి. తీర్థమాహాత్మ్యాల చివర వచ్చే ఫలశ్రుతి వంటిదే ఈ సూత్రం. షెరిల్ స్ట్రేడ్ 'వైల్డ్' (2012), డబ్ల్యూ. జి. సెబాల్డ్ 'ద రింగ్స్ ఆఫ్ శాటర్న్' (జర్మన్ మూలం 1995, ఆంగ్లానువాదం 1998) రచనలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ సూత్రం నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నడక దుఃఖాన్ని తొలగిస్తుందా అన్న ప్రశ్నకంటే, దుఃఖంతో మనిషికి గల సంబంధాన్ని నడక ఏ విధంగా మారుస్తుంది అన్న ప్రశ్నే ఈ రచనలకు తగినదని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, నడక, కుంగుబాటు, ఒంటరితనం, ఏకాంతం, ఫలశ్రుతి, ఆత్మకథాత్మక రచన.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో యాత్రాసాహిత్య విమర్శ ఎక్కువగా చూసిన ప్రదేశాల చుట్టూ అల్లుకుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు సాగించిన ప్రయాణానికి అక్షరరూపమైన 'కాశీయాత్ర చరిత్ర'ను పరిశోధకులు ఆనాటి గ్రామాలు, ధరలు, ఆచారాలు, పరిపాలన మొదలైనవాటికి ఆకరంగా చదివారు. ఆ గ్రంథానికి ఆ పఠనం తగినదే. వీరాస్వామయ్య పల్లకీలతో, పెద్ద పరివారంతో కదిలిన యాత్రికుడు. ఆయన దృష్టి బయటి ప్రపంచం మీద ఉంది. కాలినడకనే జీవనవిధానంగా చేసుకున్న మాచవరపు ఆదినారాయణ 'భ్రమణకాంక్ష' వంటి రచనలు వచ్చాక, ఎక్కడికి వెళ్లారు అన్నదానితో పాటు ఎలా వెళ్లారు అన్నది కూడా విమర్శకు విషయం కావలసివచ్చింది.

నడిచే మనిషి కుంగుబాటులో ఉన్నప్పుడు ఈ సమస్య మరింత జటిలమవుతుంది. అటువంటి రచనలో ప్రదేశవర్ణన ప్రదేశానికే పరిమితం కాదు, చూసేవారి మనఃస్థితికి కూడా సాక్ష్యమవుతుంది. పాఠకుడు సహజంగానే చివరి పేజీలో స్వస్థతను ఆశిస్తాడు. ప్రకాశకులు ఆ ఆశను ముఖపత్రం మీదనే అచ్చువేస్తారు. ఈ ఆశ ఎక్కడిది, రచనలు దాన్ని ఎంతవరకు తీరుస్తాయి అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. దుఃఖితుని నడక - తీర్థయాత్రాపర్వం:

దుఃఖానికి నడకను ప్రత్యామ్నాయంగా చూపిన కథనం భారతీయ పాఠకునికి కొత్తది కాదు. అరణ్యపర్వంలో అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లిపోయాక కామ్యకవనం పాండవులకు శూన్యంగా తోస్తుంది. తనకంటె దుఃఖభాగి ఎవరైనా ఉన్నారా అని ధర్మరాజు అడిగితే బృహదశ్వుడు నలోపాఖ్యానం చెప్తాడు. కథ విన్నా శూన్యం తీరదు. ఆ తరువాతనే తీర్థయాత్ర ఆరంభమవుతుంది. తోడు వచ్చిన రోమశ (లోమశ) మహర్షి మొట్టమొదట ఇచ్చిన సలహా గమనించదగినది. పరివారాన్ని తగ్గించుకొని తేలికగా ఉండమంటాడు. తేలికైనవాడే స్వేచ్ఛగా వెళ్లగలడని ఆ సలహా సారాంశం. ధర్మరాజు శ్రమకు ఓర్వలేనివారిని వెనక్కు పంపివేస్తాడు.

ఈ ఘట్టంలో మూడు అంశాలు కలిసి ఉన్నాయి. ఒకటి, ప్రియజనవియోగం వల్ల ఉన్నచోటు భరింపరానిదవడం. రెండు, బరువు దించుకోవడం. మూడు, దారి పొడవునా కథలు చెప్పే తోడు. వీటికి తోడు నాలుగవదిగా ఫలశ్రుతి ఉంది. పులస్త్యుడు చెప్పిన తీర్థవర్ణనలో ప్రతి క్షేత్రానికీ ఇంత అని ఫలం నిర్ణయమై ఉంటుంది. యజ్ఞం చేయలేని నిర్ధనుడు కూడా తీర్థగమనంతో ఆ ఫలాన్ని పొందవచ్చునన్న హామీ ఉంది. అడుగు వేయకముందే ఆ అడుగు విలువ తెలుసు.

ఆధునిక పాదచారికి మొదటి మూడూ ఏదో ఒక రూపంలో మిగిలాయి. నాలుగవది లేదు. అతడు నడిచే దారిలో క్షేత్రం లేదు, క్షేత్రఫలం లేదు. ఆ ఖాళీని పాఠకుడూ విమర్శకుడూ 'స్వస్థత' అనే కొత్త ఫలశ్రుతితో పూరిస్తున్నారన్నది ఈ వ్యాసం ప్రధాన వాదం.

3. 'వైల్డ్' - కొలతకు అందిన భారం:

3.1 నేపథ్యం: 1991 మార్చిలో స్ట్రేడ్ తల్లి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 45వ ఏట మరణించింది. రోగనిర్ధారణకూ మరణానికీ మధ్య గడిచింది ఏడు వారాలే. అప్పటికి కూతురికి 22 ఏళ్లు. తల్లీకూతుళ్లు ఇద్దరూ కళాశాల విద్యార్థులు. ఆ తరువాత సవతి తండ్రి దూరమయ్యాడు, తోబుట్టువులు చెదిరిపోయారు, వివాహం విచ్ఛిన్నమయింది, హెరాయిన్ అలవాటయింది. విడాకుల సమయంలో ఆమె తనకు తానుగా ఎంచుకున్న ఇంటిపేరు 'స్ట్రేడ్'. దారి తప్పినదని దాని అర్థం. మంచులో కూరుకుపోయిన వాహనాన్ని తవ్వితీయడానికి పార కొనబోయిన దుకాణంలో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ గైడు పుస్తకం ఆమె కంటబడింది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు వరకు సుమారు 2,650 మైళ్లు సాగే ఆ కాలిబాటలో 1,100 మైళ్లు, అంటే దాదాపు 1,770 కిలోమీటర్లు, 1995 వేసవిలో ఆమె నడిచింది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి అంచున మొదలైన నడక 94 రోజుల తరువాత కొలంబియా నది మీది 'బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్' దగ్గర ముగిసింది. అప్పటికి ఆమె వయస్సు 26.

3.2 బరువు: ఈ రచనలో అత్యంత ప్రధానమైన వస్తువు వీపుసంచి. మొదటి రోజు మోటెల్ గదిలో దాన్ని ఆమె నేల మీద నుంచి లేపలేకపోతుంది. కింద కూర్చొని పట్టీలు బిగించుకొని, చేతుల మీద, మోకాళ్ల మీద బలం పెట్టి లేస్తుంది. ఆ సంచికి ఆమె 'మాన్‌స్టర్' అని పేరు పెట్టింది. దీన్ని దుఃఖభారానికి ప్రతీకగా చదవడం తేలిక. కాని ఆ పఠనం రచనలోని కీలకమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. తల్లి మరణం బరువు ఎంతో ఆమెకు తెలియదు. దాన్ని దించే చోటు లేదు. సంచి బరువుకు కొలత ఉంది. రాత్రి దించవచ్చు. కెన్నెడీ మెడోస్ అనే మజిలీలో ఆల్బర్ట్ అనే అనుభవజ్ఞుడైన పాదచారి ఆ సంచి విప్పించి, మడతరంపంతో సహా అక్కరలేని వస్తువులను ఒక్కొక్కటిగా బయట పెట్టిస్తాడు. రోమశుని సలహా ఇక్కడ ఒక సామాన్యుని నోట మళ్లీ వినిపిస్తుంది. ఆమె చదివిన పుస్తకాల పుటలను చదివినంతమేర కాల్చివేస్తూ పోతుంది. అయితే ఏడ్రియన్ రిచ్ కవితాసంపుటిని మాత్రం కాల్చదు. అన్నిటినీ వదిలేయడం ఆమె ఉద్దేశం కాదని, మోయదగినదేదో ఎంచుకోవడం నేర్చుకుంటున్నదని ఈ ఒక్క వివరం సూచిస్తుంది.

దారిలో తల్లిని తలచుకొని ఏడ్చి తేలికపడగలనని ఆమె ఊహించుకుంది. జరిగింది వేరు. ఇరుకైన బూట్లు, ఊడిపోయిన కాలిగోళ్లు, నీళ్లు దొరికే చోటు, తల్లో ఆగకుండా తిరిగే పాటల ముక్కలు, ఇవే ఆమె ధ్యాసను ఆక్రమించాయి. కుంగుబాటులో ఉన్న మనిషికి రేపు అనేది రూపం లేని పొగమంచు వంటిది. కాలిబాట ఆ రేపును తరువాతి నీటిబుగ్గగా, తరువాతి తపాలా పెట్టెగా చిన్నదిగా చేసి చూపింది. నడక ఆమెకు చేసిన మొదటి మేలు ఇదే. దుఃఖం ఎక్కడికీ పోలేదు, ఆ రోజంతటినీ తానే ఆక్రమించే శక్తిని కోల్పోయింది.

3.3 ఒంటరితనం, ఏకాంతం: తెలుగులో ఈ రెండు పదాలకూ అర్థభేదం స్పష్టం. ఒంటరితనం మనిషి మీద వచ్చి పడేది. ఏకాంతం మనిషి ఎంచుకునేది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవల మొదట 'ఏకాంతం' అన్న పేరుతో ధారావాహికగా వెలువడడం సాహిత్యవిద్యార్థులకు తెలిసినదే. జనం మధ్య ఉంటూ ఎవరికీ చెందకపోవడం అక్కడ దయానిధి సమస్య. 'వైల్డ్'లో కథకురాలు పోర్ట్‌లాండ్‌లో, మినియాపోలిస్‌లో జనం మధ్యనే ఒంటరి. కాలిబాట మీద మనుషులు కనిపించని రోజుల్లో ఆమె ఏకాకి, కాని ఒంటరి అన్న భావం క్రమంగా పల్చబడుతుంది.

ఈ మార్పును అరణ్యం మహిమగా చెప్పడం సరికాదు. ఆ ఏకాంతం వెనుక పెద్ద సహాయవ్యవస్థ ఉంది. మజిలీలకు ముందే సర్దిపెట్టిన సామానుపెట్టెలను స్నేహితురాలు తపాలాలో పంపుతూ ఉంటుంది. ప్రయాణం తొలినాళ్లలో స్టవ్వులో తప్పు ఇంధనం పోసి, చల్లటి ఆహారంతో నెట్టుకొస్తున్న ఆమెను ఒక శ్రామికుడు తన ఇంటికి తీసుకెళ్తాడు, భార్యాభర్తలు భోజనం పెడతారు. బాటలో అక్కడక్కడ ఉంచిన నమోదు పుస్తకాల్లో ముందు వెళ్లినవారి పేర్లు చదువుతూ, ఇంకా కలవని మనుషులతో ఆమె పరిచయం పెంచుకుంటుంది. ఒంటరితనం తగ్గింది మనుషులను వదిలినందువల్ల కాదు. మనుషులతో సంబంధం చిన్న మోతాదుల్లో, భరించగలిగినంత మేరకు తిరిగి మొదలైనందువల్ల తగ్గింది.

3.4 కోపం, సరస్సు: ఆగస్టు 18 తల్లి పుట్టినరోజు. ఆమె బతికి ఉంటే ఆ రోజుకు యాభై ఏళ్లు నిండేవి. ఆరోజు బాట మీద కథకురాలికి దుఃఖం బదులు కోపం వస్తుంది. తల్లి చేసిన పొరపాట్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. అప్పటివరకు రచనలో దేవతాస్థానంలో ఉన్న తల్లి ఈ జాబితాతో మళ్లీ మనిషి అవుతుంది. రచనలోని నిజమైన మలుపు ఇది. మృతులను మనుషులుగా చూడగలిగినప్పుడే వారిని పోగొట్టుకున్న దుఃఖానికి ఒక హద్దు ఏర్పడుతుంది.

ఆ తరువాత ఆమె ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ చేరుతుంది. సుమారు 7,700 ఏళ్ల క్రితం మజామా పర్వతం పేలి, శిఖరం లోపలికి కూలి, ఏర్పడిన గుంటలో వాననీరూ మంచునీరూ శతాబ్దాలపాటు నిండగా ఆ సరస్సు అయింది. పర్వతం తిరిగి రాలేదు. ఖాళీ పూడిపోలేదు. ఖాళీయే మరో రూపం పొందింది. రచనలో స్వస్థత అనదగినది ఏదైనా ఉంటే దాని భావచిత్రం ఇదే. అమెరికన్ ప్రచురణ ముఖపత్రం మీద 'తప్పిపోవడం నుంచి దొరకడం వరకు' అన్న అర్థమిచ్చే ఉపశీర్షిక ఉంది. ఆ ఉపశీర్షిక ఫలశ్రుతి చెప్తుంది, సరస్సు చెప్పదు.

4. 'ద రింగ్స్ ఆఫ్ శాటర్న్' - తగ్గని నడక:

సెబాల్డ్ (1944-2001) జర్మనీలో పుట్టి, ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా జీవితంలో ఎక్కువకాలం గడిపిన రచయిత. ఈ రచన పది భాగాలది. నవల, యాత్రాకథనం, చరిత్ర, స్మృతి కలగలిసిన ఈ గ్రంథంలోని కథకుణ్ణి పూర్తిగా రచయితతో ఏకం చేసి చదవరాదు. 1992 ఆగస్టులో, సుదీర్ఘమైన పని ముగిశాక తనను ఆవరించిన శూన్యాన్ని పోగొట్టుకోవాలని కథకుడు సఫక్ తీరప్రాంతంలో నడక మొదలుపెడతాడు. కొంతవరకు ఆశ నెరవేరిందని అంటాడు. వెంటనే దానికి ఎదురుమాట చెప్తాడు. అడుగడుగునా కనిపించిన విధ్వంసచిహ్నాలు భయంతో తనను కట్టిపడేశాయనీ, నడక ఆరంభించిన రోజుకు సరిగ్గా ఏడాది తిరిగేసరికి దాదాపు కదలలేని స్థితిలో నారిచ్ ఆసుపత్రిలో చేరాననీ చెప్తాడు. అంటే గ్రంథం ముగింపును మొదటి పుటల్లోనే వెల్లడిస్తుంది. పాఠకునికి ఇక స్వస్థత మీద ఆశ ఉండదు. అందువల్ల అతడు నడకను నడకగా చదవవలసివస్తుంది.

జర్మన్ మూలానికి 'ఒక ఆంగ్ల తీర్థయాత్ర' అన్న అర్థమిచ్చే ఉపశీర్షిక ఉంది. ఆంగ్లానువాదంలో అది లేదు. ఆ ఉపశీర్షికలో వ్యంగ్యం ఉంది. తీర్థయాత్రలో క్షేత్రాలు పుణ్యప్రదాలు. ఇక్కడ క్షేత్రాలన్నీ శిథిలాలు. వైభవం వెలిసిన సోమర్లేటన్ భవనం, వెనకబడిన లోస్టాఫ్ట్ రేవు, విడిచిపెట్టిన సైనిక పరిశోధనల కట్టడాలతో నిండిన ఆర్ఫర్డ్‌నెస్, ఇవే అతని మజిలీలు. వీటిలో డన్విచ్ ప్రధానం. మధ్యయుగాల్లో పెద్ద రేవుపట్టణంగా ఉన్న డన్విచ్‌ను 13వ శతాబ్ది చివరి నుంచి తుఫానులు కోస్తూ వచ్చాయి. చర్చిలు ఒకదాని తరువాత ఒకటి కొండచరియ అంచు దాటి సముద్రంలోకి కూలాయి. క్రేటర్ లేక్‌లో ఖాళీని నీరు నింపుతుంది. డన్విచ్‌లో నీరే ఖాళీని సృష్టిస్తుంది. రెండు రచనల మనోభూమికలకు ఈ రెండు నీళ్లూ గుర్తులు.

డన్విచ్ సమీపంలోని బీడుభూమిలో కథకుడు దారి తప్పుతాడు. ఎంత నడిచినా బయలుదేరిన చోటికే చేరి దిగ్భ్రాంతుడవుతాడు. నెలల తరువాత వచ్చిన కలలో మళ్లీ అక్కడే తిరుగుతూ, పైనుంచి చూసిన ఒక పొదలచిక్కుదారి ఆకారం తన మెదడు అడ్డుకోత లాంటిదని గ్రహిస్తాడు. కుంగుబాటులోని ఆలోచనలు ఒకేచోట తిరగడానికి ఇంతకన్న సూటి చిత్రణ అరుదు. స్ట్రేడ్ బాట సరళరేఖ. దానికి ఉత్తరదిశ, మైళ్లు, మజిలీలు ఉన్నాయి. సెబాల్డ్ బాట వలయం. చూసిన ప్రతి వస్తువూ చరిత్రలోని మరో విధ్వంసాన్ని గుర్తుచేసి, నడిచేవాణ్ణి మళ్లీ అదే విషాదానికి చేరుస్తుంది. కొలత దొరికిన నడక మనసుకు విశ్రాంతినిచ్చిందని, కొలత లేని స్మృతితో ముడిపడిన నడక విశ్రాంతినివ్వలేదని ఈ తులన సూచిస్తుంది.

అయినా ఈ నడక నిష్ఫలమని చెప్పలేం. మిడిల్టన్‌లో కవి, అనువాదకుడు మైఖేల్ హాంబర్గర్ ఇంట కథకునికి ఒక వింత సామీప్యం అనుభవమవుతుంది. బాల్యంలో బెర్లిన్ విడిచి వచ్చిన ఆయన జీవితం తనదేనన్నట్టు, ఆ ఇంట్లో తానే నివసించినట్టు తోస్తుంది. ఒంటరితనం తీరడానికి ఇదొక దారి. ఆసుపత్రి పడక మీద కథకుడు ఈ గ్రంథాన్ని మనసులో రాయడం మొదలుపెడతాడు. చివరి భాగంలో పట్టుపురుగుల చరిత్ర నడిచి, మృతుని ఇంట అద్దాలకూ చిత్రాలకూ నల్లపట్టు కప్పే పూర్వపు డచ్ ఆచారంతో రచన ముగుస్తుంది. ఆ చివరి పుటలు రాస్తున్న రోజు 1995 ఏప్రిల్ 13 అనీ, ఆరోజే తన భార్య తండ్రి మరణించాడనీ కథకుడు పేర్కొంటాడు. నడక శోకంతో ముగిసింది. అయితే ఆ శోకానికి ఒక రూపం, ఒక ఆచారం, ఒక వాక్యం దొరికాయి.

5. తులన - కొన్ని అంశాలు:

5.1 నడకకూ రచనకూ మధ్య వ్యవధి: స్ట్రేడ్ 1995లో నడిచి 2012లో ప్రచురించింది. నడిచినది 26 ఏళ్ల స్త్రీ. రాసినది వివాహమై, ఇద్దరు పిల్లల తల్లి అయిన రచయిత్రి. ముగింపులో ఆ భవిష్యత్తు తొంగిచూస్తుంది. స్వస్థతగా కనిపించే దానిలో ఎంత భాగం 94 రోజులది, ఎంత భాగం 17 సంవత్సరాలది అన్నది రచన విడదీసి చెప్పదు. విమర్శకుడు ఆ ఘనతనంతా నడకకు కట్టబెట్టడం తొందరపాటు.

5.2 శరీరం, లింగం: సఫక్‌లో కథకుణ్ణి బాధించేవి జ్ఞాపకాలు. ఒరెగాన్ అడవిలో స్ట్రేడ్‌కు ఎదురైన ఇద్దరు వేటగాళ్లలో ఒకడి చూపులూ మాటలూ ఆమెను ప్రాణభయానికి గురిచేస్తాయి. ఒంటరిగా నడిచే స్వేచ్ఛ అందరికీ ఒకే ధరకు దొరకదు. 'ఏకాంతం మేలు చేస్తుంది' అన్న సాధారణీకరణ చేసేముందు ఆ ఏకాంతం ఎవరికి అందుబాటులో ఉందో అడగాలి.

5.3 అసంపూర్ణత: ఆ ఏడు మంచు ఎక్కువగా ఉండటంతో స్ట్రేడ్ సియెరా నెవాడాలోని ఎత్తైన భాగాన్ని వదిలి బస్సులో ముందుకు వెళ్లింది. ఆ లోటు పూడ్చడానికి మొదట అనుకున్న ఆష్‌లాండ్ దాటి ఉత్తరంగా నడకను పొడిగించింది. తీర్థయాత్రాదృష్టితో చూస్తే ఇది లోపం. రచనలో దీన్ని దాచలేదు. దారి మార్చుకోవడాన్ని ఓటమిగా భావించకపోవడం కుంగుబాటు నుంచి కోలుకునే క్రమంలో చిన్న విషయం కాదు.

6. ముగింపు:

శారీరక వ్యాయామం కుంగుబాటు లక్షణాలు తగ్గడానికి తోడ్పడుతుందని వైద్యపరిశోధనలు చెప్తున్నాయి. సాహిత్యవిమర్శ దాన్ని కాదనవలసిన పని లేదు. కాని కుంగుబాటు చికిత్స అవసరమైన వ్యాధి. నడిచి తిరిగివచ్చినవారు మాత్రమే పుస్తకాలు రాస్తారు. తరగతిగదిలో ఇటువంటి రచనను 'నడిస్తే తగ్గుతుంది' అన్న సందేశంగా బోధిస్తే, నడిచినా తగ్గని విద్యార్థి ఆ లోపం తనదేనని అనుకునే ప్రమాదం ఉంది. సెబాల్డ్ గ్రంథాన్ని స్ట్రేడ్ గ్రంథం పక్కన ఉంచి బోధించడం అందుకే అవసరం.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. దుఃఖితుని నడకకు అరణ్యపర్వంలోని తీర్థయాత్ర ప్రాచీనమైన నమూనా. బరువు దించుకోవడం, తోడు, కథ అన్న అంశాలు ఆధునిక రచనల్లోనూ కొనసాగాయి. నిర్ణీతఫలం మాత్రం కొనసాగలేదు.

2. 'వైల్డ్'లో నడక దుఃఖాన్ని పోగొట్టలేదు. కొలతలేని భారం పక్కన కొలతకు అందే భారాన్ని ఉంచి, రోజులను గడపగలిగినవిగా చేసింది.

3. ఒంటరితనం ఏకాంతంగా మారడానికి అరణ్యం ఒక్కటే కారణం కాదు. మితంగా అందిన మానవసహాయం దానికి ఆధారం.

4. 'ద రింగ్స్ ఆఫ్ శాటర్న్' నడక తరువాత కూడా కుంగుబాటు రావచ్చునని మొదటి పుటల్లోనే అంగీకరించి, నడక విలువను స్వస్థత నుంచి వేరుచేసింది.

5. తెలుగులో పెరుగుతున్న పాదయాత్రారచనలను పరిశీలించేటప్పుడు చూసిన ప్రదేశాలతో పాటు నడక వేగం, మోసిన బరువు, దొరికిన తోడు, వదిలేసిన దారి, నడకకూ రచనకూ మధ్య గడిచిన కాలం అన్న అంశాలను కూడా పరిశోధకులు పరిగణనలోకి తీసుకోవాలి. రచన తానుగా చెప్పని ఫలశ్రుతిని దాని చివర చేర్చడం విమర్శకుని పని కాదు.